పురాతన యుద్ధాల గేమ్‌లో ఓడలు, వాటి జట్లు: తరచుగా అడిగే ప్రశ్నలు

ఈ గేమ్ ఇంకా సగం కాగితం మీద, సగం కోడ్‌లో ఉంది. క్రీ.పూ. 500 దగ్గర మొదలై క్రీ.పూ. 31లో ఆక్టియం యుద్ధంతో ఆగుతుంది. మ్యాప్‌లో ఎక్కువ భాగం మధ్యధరా సముద్రమే. భూమ్మీద జరిగే యుద్ధాల గురించి ఎవరూ పెద్దగా గొడవపడలేదు. ఓడల దగ్గరికి వచ్చేసరికి మాత్రం పరీక్షగా ఆడిన ప్రతి ఒక్కరూ ఏదో ఒకటి అడుగుతున్నారు, సగంమంది తిట్టుకుంటూ అడుగుతున్నారు. జవాబులన్నీ ఒకచోట పెడుతున్నాం.

డబ్బు పోసి ఓడ కట్టించాను. కదలడం లేదు. ఎందుకు?

మీరు కట్టించింది ఒట్టి ఓడ. అందులో మనుషులు లేరు.

ఈ గేమ్‌లో ఓడ వేరు, జట్టు వేరు. రేవులో తయారైన ఓడ అంటే కొయ్య, తారు, తాళ్లు, శత్రువు ఓడను ఢీకొట్టడానికి ముందు ఒక కంచు ముక్కు, అంతే. దాన్ని కదిలించే జట్టును విడిగా చేర్చుకోవాలి, విడిగా జీతం ఇవ్వాలి, విడిగా కాపాడుకోవాలి. చాలా స్ట్రాటజీ గేముల్లో ఓడ అంటే నీళ్ల మీద పరిగెత్తే గుర్రపుదళంలా ఉంటుంది. కొంటే చాలు, పోరాడుతుంది. నిజంగా మాత్రం ఓడలు మిగిలిపోయి మనుషులు తక్కువైన సందర్భాలు బోలెడు. ఆక్టియం ముందు రోమన్ సేనాని ఆంటొనీ శిబిరంలో రోగాలు వచ్చాయి, కొందరు పారిపోయారు. తెడ్లు వేయడానికి మనుషులు చాలక తన ఓడల్లో కొన్నిటిని తనే తగలబెట్టించాడు. ఆ నిర్ణయం ఒక్కసారైనా మీరు తీసుకోవాల్సి రావాలన్నదే మా ఉద్దేశం.

జట్టును ఒక ఓడ నుంచి ఇంకో ఓడకు మార్చుకోవచ్చు. పాత ఓడ పోయినా జట్టు బతికి బయటపడితే మీకు పెద్ద నష్టం లేదు. జట్టు పోయి ఓడ మిగిలితే ఉన్నట్టూ కాదు, లేనట్టూ కాదు.

ఒక్క ట్రైరీమ్‌కు రెండు వందలమందా? ఎక్కువ చెప్తున్నారేమో?

ఎక్కువ కాదు. ట్రైరీమ్ అంటే మూడు వరసల తెడ్లతో నడిచే యుద్ధ ఓడ. ఏథెన్స్ ట్రైరీమ్‌కు 170 తెడ్లు, ఒక్కో తెడ్డుకు ఒక్క మనిషి. మూడు వరసల్లో కూర్చుంటారు. రెండు పక్కలా కలిపి పై వరసలో 62 మంది, మధ్య వరసలో 54, కింది వరసలో 54. మిగిలిన ముప్ఫై మందిలో పదిమంది ఈటెల సైనికులు, నలుగురు విలుకాండ్రు. మిగతా పదహారు మంది ఓడ నడిపే అధికారులు, నావికులు. చుక్కాని పట్టేవాడు, ముక్కు దగ్గర నిలబడి ముందు చూసేవాడు, తెడ్లకు లెక్క చెప్పేవాడు, సన్నాయిలాంటి వాద్యం ఊదుతూ లయ నిలబెట్టేవాడు, వడ్రంగి అందరూ ఇందులోనే వస్తారు.

ఇంతమందినీ తెర మీద గీయం. జట్టు మొత్తానికి నాలుగే అంకెలు కనిపిస్తాయి: ఎంతమంది ఉన్నారు, చేయి ఎంత తిరిగింది, ఎంత అలిసిపోయారు, మీ మీద ఎంత నమ్మకం ఉంది. ఇద్దరిని మాత్రం విడిగా చూపిస్తాం, చుక్కాని పట్టేవాడినీ వాద్యం ఊదేవాడినీ. రెండోవాడికి బాణం తగిలితే ఓడ ఆగదు. కానీ కాసేపు తెడ్లు ఒకదానికొకటి తగులుతాయి, వేగం సగానికి పడిపోతుంది. మొదటివాడు పోతే ఏమవుతుందో మీరే చూద్దురుగాని.

తెడ్లు వేసేది గొలుసులతో కట్టేసిన బానిసలు కదా? మళ్లీ జీతం ఎందుకు?

ఎక్కువగా వచ్చే ప్రశ్న ఇదే. గొలుసులు, కొరడా, డప్పు మోత కలిసిన ఆ దృశ్యం సినిమాల పుణ్యం. గొలుసు వేసి తెడ్లు వేయించడం అసలు 16, 17 శతాబ్దాల ఓడల సంగతి. క్రీ.పూ. 5వ శతాబ్దపు ఏథెన్స్‌లో తెడ్లు పట్టింది ఎక్కువగా పేద పౌరులు, ఊళ్లో స్థిరపడ్డ పరాయివాళ్లు, కూలికి వచ్చిన ద్వీపాలవాళ్లు. కూలి తీసుకునే మనుషులు. సభలో ఓటు కూడా ఉన్న పౌరులు వాళ్లలో చాలామంది.

బానిసలు అస్సలు లేరని కాదు. క్రీ.పూ. 406లో ఆర్గినూసే యుద్ధానికి మనుషులు చాలక ఏథెన్స్ బానిసలను కూడా ఓడలెక్కించి, తెడ్డు పట్టినవాళ్లకు స్వేచ్ఛ ఇచ్చింది. గేమ్‌లో ఇది ఆపద్ధర్మపు ఆర్డర్. ఒక్క టర్న్‌లో జట్లు నిండుతాయి, చేయి తిరిగినతనం సున్నా నుంచి మొదలవుతుంది, యుద్ధం తర్వాత మాట నిలబెట్టుకోవాలి. తప్పితే మీ రేవుల్లో ఇక ఎవరూ చేరరు.

జీతం ఎంత? ఒక నెల ఎగ్గొడితే ఏమవుతుంది?

లెక్క చాలా సులువు. క్రీ.పూ. 415లో సిసిలీ మీదికి వెళ్లిన జట్లకు ఏథెన్స్ మనిషికి రోజుకు ఒక డ్రాక్మా (వెండి నాణెం) చొప్పున ఇచ్చింది. రెండు వందలమంది, ముప్ఫై రోజులు, మొత్తం ఆరు వేల డ్రాక్మాలు. ఆరు వేల డ్రాక్మాలంటే సరిగ్గా ఒక టాలెంట్. ఒక ఓడకు ఒక నెల, ఒక టాలెంట్. వంద ఓడలు పెట్టుకున్న ప్లేయర్‌కు నెల తిరిగేసరికి టెన్షన్ మొదలవడం సహజం.

ఎగ్గొడితే ముందు నమ్మకం తగ్గుతుంది. ఆ తర్వాత ఒడ్డున మకాం వేసిన ప్రతి రాత్రీ కొందరు మాయమవుతారు. ఇంకా ఘోరం ఏంటంటే, అవతలివాడు మీకంటే ఎక్కువ ఇస్తే నేరుగా అక్కడికే పోతారు. పర్షియా రాకుమారుడు సైరస్ ఏథెన్స్ శత్రువైన స్పార్టా పక్షాన తెడ్డువాళ్ల రోజు కూలిని మూడు ఓబోల్‌ల నుంచి నాలుగుకు పెంచాడు (ఆరు ఓబోల్‌లు ఒక డ్రాక్మా). ఒక్క ఓబోల్ తేడా అంతే, ఏథెన్స్‌కు అది పెద్ద దెబ్బ. గేమ్‌లో కూలి పెంచే బటన్ పర్షియాతో స్నేహం ఉన్నవాళ్లకు చౌక, మిగతావాళ్లకు కన్నీళ్లు.

సాయంత్రం కాగానే నా ఓడలు వాటంతట అవే ఒడ్డుకు పోతున్నాయి. బగ్గా?

బగ్ కాదు. దీని గురించి కొంచెం ఓపిగ్గా చదవండి, ఎందుకంటే మా ఓడల విధానమంతా దీని మీదే నిలబడింది.

ట్రైరీమ్ పొడవు సుమారు 37 మీటర్లు, వెడల్పు ఐదున్నర. అందులో రెండు వందలమంది. పడుకోవడానికి జాగా లేదు, వండుకోవడానికి జాగా లేదు, నాలుగు రోజుల తిండి పెట్టుకోవడానికీ జాగా లేదు. కింది వరసవాడి ముఖం ముందు పై వరసవాడి పిరుదులు ఉంటాయి, అంత ఇరుకు. అందుకే మధ్యాహ్నం తిండికి, రాత్రి నిద్రకు ఓడను ఒడ్డుకు చేర్చేవాళ్లు. అంటే మీ నౌకాదళం సముద్రం మీద తిరిగేది కాదు, ఒక ఒడ్డు నుంచి ఇంకో ఒడ్డుకు గెంతేది. ఇసుక ఒడ్డు, మంచినీళ్లు, దగ్గర్లో ఒక సంత, మూడూ ఉన్న చోటును మ్యాప్‌లో మకాం గుర్తుతో చూపిస్తాం. ఆ మకాంలు ఎవరి చేతిలో ఉంటే ఆ సముద్రం వాళ్లది. ఓడలు ఎన్ని ఉన్నాయన్నది ఆ తర్వాతి మాట.

మకాం చెడితే ఏమవుతుందో క్రీ.పూ. 405లో ఏగోస్‌పొటామి దగ్గర తెలిసింది. ఏథెన్స్ ఓడలు ఊరు లేని ఒడ్డున దిగాయి. తిండి కోసం జట్లు దూరం పోవాల్సి వచ్చింది. జలసంధికి అవతల స్పార్టా సేనాని లైసాండర్ వరసగా నాలుగు రోజులు కదలకుండా చూశాడు. ఐదో రోజు, జట్లు ఓడలు దిగి చెల్లాచెదురైన సమయం చూసుకుని, విరుచుకుపడ్డాడు. చాలా ఓడల్లో మనుషులే లేరు. దాదాపు నౌకాదళం అంతా ఒడ్డు మీదే చిక్కింది. ఏథెన్స్ యుద్ధం అక్కడితో అయిపోయింది. గేమ్‌లో శత్రువు మకాం మీద కర్సర్ పెడితే "జట్టు ఓడలో ఎంత, ఒడ్డున ఎంత" అని కనిపిస్తుంది. కానీ అది కనిపించాలంటే ముందు మీ గూఢచారి ఓడ దగ్గర్లో ఉండాలి, ఆ సమాచారం కూడా ఒక టర్న్ పాతదే.

అయినా సరే, అత్యవసరంగా రాత్రంతా నడపలేనా?

నడపొచ్చు. "ఆగొద్దు" అనే ఆర్డర్ ఉంది. ఒక పగలు, ఒక రాత్రి ఆగకుండా పోతారు, తర్వాత రెండు రోజులు పనికిరారు.

ఇది క్రీ.పూ. 427 నాటి సంగతి నుంచి తీసుకున్నాం. తిరుగుబాటు చేసిన మిటిలీని నగరంలో మగవాళ్లందరినీ చంపమని ఏథెన్స్ సభ తీర్మానించి ఓడ పంపింది. మర్నాడు సభ మనసు మార్చుకుంది. వెంటనే రెండో ఓడ బయల్దేరింది, మొదటిదానికి దాదాపు ఒక పగలు, ఒక రాత్రి వెనక. తెడ్లు వదలకుండానే ద్రాక్షసారా, నూనె కలిపిన యవల పిండి ముద్దలు తిన్నారు, వంతులవారీగా కునుకు తీశారు. ముందుపోయిన ఓడవాళ్లకు ఆ పని ఇష్టం లేదు, తీరిగ్గా పోయారు. ఆజ్ఞ చదవడం అయిపోయి, అమలు మొదలుపెట్టబోతుండగా రెండో ఓడ చేరింది.

ఇష్టం లేని పనికి జట్టు నెమ్మదిగా పోతుందన్న ముక్క మాకు బాగా నచ్చింది, దాన్నీ గేమ్‌లో పెట్టాం. నమ్మకం తక్కువున్న జట్టుకు ఘోరమైన ఆర్డర్ ఇస్తే వేగంలో ఐదో వంతు తగ్గుతుంది. కారణం తెర మీద చెప్పం.

నీళ్ల పీపాల లెక్క మరీ అతిగా లేదూ?

1987లో గ్రీసులో ఒలింపియాస్ అనే ట్రైరీమ్‌ను పాత పద్ధతిలో కట్టి, మనుషులను కూర్చోబెట్టి నిజంగానే తెడ్లు వేయించి చూశారు. ఎండలో గట్టిగా తెడ్డు వేసే మనిషికి గంటకు లీటరు దాకా నీళ్లు కావాలని తేలింది. ఇప్పుడు 170తో గుణించండి. అతి కాదు, మేం కొంచెం తగ్గించాం కూడా.

మొదట్లో దూసుకుపోయిన ఓడ ఇప్పుడు ఈడ్చుకుంటూ పోతోంది. మరమ్మతు బార్ నిండుగానే ఉంది.

కొయ్య నీళ్లు తాగింది. తేలిక కలపతో చేసిన ఓడ వారాల తరబడి నీళ్లలోనే ఉంటే బరువెక్కుతుంది, పురుగు కూడా తొలుస్తుంది. ఒడ్డుకు లాగి ఆరబెట్టాలి. సిసిలీలోని సిరక్యూస్ నగరం దగ్గర ఇరుక్కున్న ఏథెన్స్ సేనాని నికియాస్ క్రీ.పూ. 414లో ఇంటికి రాసిన ఉత్తరంలో ఇదే మొత్తుకున్నాడు: ఓడలు నాని పోయాయి, శత్రువు కాచుకుని ఉన్నాడు కాబట్టి లాగి ఆరబెట్టే వీలు లేదు, జట్లు కరిగిపోతున్నాయి. గేమ్‌లో దిగ్బంధనం వేసే ప్లేయర్‌కు కూడా ఇదే శిక్ష. ఎదుటివాడిని రేవులో బంధించాననుకుంటూ మీ ఓడలను మీరే నానబెట్టుకుంటారు. మూడో వంతు ఓడలను వంతులవారీగా ఆరబెడుతూ ఉండటం ఒక్కటే మార్గం.

జట్టుకు చేయి తిరగాలంటే ఎన్ని టర్న్‌లు?

సాధారణ స్థాయికి పది, మేటి స్థాయికి దాదాపు ముప్ఫై. అందులోనూ అదే జట్టు కలిసి తెడ్లు వేసిన రోజులే లెక్క. సగంమందిని మార్చితే సగం పోతుంది.

ఎక్కువ తోమితే తిరగబడతారు. క్రీ.పూ. 494లో లాడే దగ్గర, పర్షియా మీద తిరగబడ్డ అయోనియా గ్రీకులకు ఫోకేయావాడైన డయొనీసియస్ రోజూ ఎండలో కసరత్తు చేయించాడు. ఏడు రోజులు చేశారు. ఎనిమిదో రోజు "మాకెందుకీ పీడ" అని ఓడలు దిగి గుడారాలు వేసుకుని నీడన కూర్చున్నారు. తర్వాత జరిగిన యుద్ధంలో చిత్తుగా ఓడిపోయారు. కాబట్టి కసరత్తు ఆర్డర్ పక్కన ఏడు చుక్కలు కనిపిస్తాయి. అవి నిండాక ఏమవుతుందన్నది నమ్మకం బార్‌ను బట్టి ఉంటుంది.

రోమన్లకు ఒక వెసులుబాటు ఉంది. చరిత్రకారుడు పాలిబియస్ చెప్పినదాని ప్రకారం, ఉత్తర ఆఫ్రికాలోని కార్తేజ్‌తో జరిగిన మొదటి ప్యూనిక్ యుద్ధంలో వాళ్లు ఓడలు తయారయ్యేలోగా నేల మీదే బల్లలు వరసగా వేసి, వాటి మీద మనుషులను కూర్చోబెట్టి తెడ్లు వేయడం నేర్పారు. అందుకే రోమ్ ప్లేయర్ ఓడ పూర్తికాకముందే జట్టును చేర్చుకుని కసరత్తు మొదలుపెట్టొచ్చు. సాధారణ స్థాయి దాటి మాత్రం నేల మీద పోలేరు.

ఢీకొట్టినా అవతలి ఓడకు ఏమీ కావడం లేదు!

ఎక్కడ కొట్టారు, ఎంత వేగంతో కొట్టారు, ఈ రెండే. పక్కన గానీ వెనక వాలులో గానీ తగలాలి. వేగం ఎక్కువైనా ఇబ్బందే. కంచు ముక్కు లోతుగా దిగిపోయి బయటికి రాదు. ఇజ్రాయెల్ తీరంలో అత్లిత్ దగ్గర 1980లో దొరికిన కంచు ముక్కు ఒక్కటే 465 కిలోలు. దాని వెనక ఓడంతా బరువు. అది దిగితే ఎలా ఉంటుందో ఊహించుకోండి.

మా పరీక్ష ఆటల్లో ఒకటి చెప్తాను. నా ఓడ శత్రువు పక్కకు చక్కగా తిరిగి ఉంది, దూరం నాలుగు వందల మీటర్లు. ఆత్రం కొద్దీ అప్పుడే పూర్తి వేగం నొక్కేశాను. పూర్తి వేగం ఎంతోసేపు నిలవదు. ఒలింపియాస్‌లో కూడా తొమ్మిది నాట్ల (గంటకు సుమారు 17 కిలోమీటర్ల) దాకా అందుకున్నది కాసేపే. సగం దూరం పోయేసరికి అలుపు బార్ ఎర్రబడింది, ఒక పక్క తెడ్లు లయ తప్పాయి, ముక్కు కొంచెం పక్కకు జరిగింది. తగలడం తగిలింది, కానీ ఏటవాలుగా. పలకలు పగల్లేదు. వెనక్కి తెడ్లు వేయమన్నాను, చేతుల్లో సత్తువ లేదు. ఈలోగా అవతలి ఓడ సైనికులు పద్నాలుగు మంది మా పైకి దూకారు. తప్పు పూర్తిగా నాదే. రెండు వందల మీటర్ల దాకా ఓపిక పట్టి ఉంటే సరిపోయేది.

ఢీకొట్టకుండా తెడ్లు విరిచే పద్ధతీ ఉంది. మీ తెడ్లను ఆఖరి క్షణంలో లోపలికి లాక్కుని, శత్రువు ఓడ పక్కనే రాసుకుంటూ పోతే వాళ్ల తెడ్లు పుటుక్కున విరుగుతాయి. మేటి జట్టుకు తప్ప ఎవరికీ చేతకాదు. చేతకానివాళ్లు ప్రయత్నిస్తే ఇద్దరి తెడ్లూ విరుగుతాయి.

ముక్కుకు ముక్కు గుద్దితే?

మామూలుగా మూర్ఖత్వం. కానీ క్రీ.పూ. 413లో సిరక్యూస్‌వాళ్లు తమ ఓడల ముక్కులను కురచగా, మందంగా మార్చి, ఇరుకైన రేవులో ఏథెన్స్ ఓడలను ఎదురుగానే గుద్ది గెలిచారు. చుట్టూ తిరిగే జాగా లేనప్పుడు ఏథెన్స్ నేర్పు అంతా వృథా అయింది. గేమ్‌లో ఈ మార్పు రేవులో చేయించుకోవచ్చు. బహిరంగ సముద్రంలో వేగం తగ్గుతుంది, ఇరుకులో ఎదురులేదు.

ఎక్కువమంది సైనికులను ఎక్కిస్తే గెలుస్తాం కదా?

ట్రైరీమ్ డెక్ మీద సైనికులు అటూ ఇటూ కదిలితే చాలు, ఓడ ఒరిగి తెడ్లు సరిగా పడవు. అందుకే దానిలో పరిమితి ఉంది. రోమన్ల క్విన్‌క్విరీమ్ అనే పెద్ద ఓడ వేరు. పాలిబియస్ లెక్కలో క్రీ.పూ. 256 నాటి ఎక్నోమస్ యుద్ధంలో ఒక్కో రోమన్ ఓడలో 300 మంది తెడ్డువాళ్లు, 120 మంది సైనికులు. సముద్రయుద్ధాన్ని భూయుద్ధంగా మార్చేయడమే వాళ్ల ఎత్తు. దానికి సాధనం కోర్వస్: ఓడ ముందు భాగంలో కొయ్యకు కట్టిన వంతెన, పొడవు 36 అడుగులు, వెడల్పు 4, చివర ఇనుప ముల్లు. పక్క ఓడ మీదికి ధబాలున పడేస్తే ముల్లు డెక్‌లో దిగుతుంది, సైనికులు నడుచుకుంటూ పోతారు. క్రీ.పూ. 260లో మైలే దగ్గర రోమన్ సేనాని డ్యూలియస్ దీంతోనే కార్తేజ్‌ను ఓడించాడు.

కోర్వస్ కావాలనుకునేవాళ్లు దాని బరువు కూడా భరించాలి. తుఫాను తాకినప్పుడు కోర్వస్ ఉన్న ఓడకు బోల్తాపడే అవకాశం రెట్టింపు పెట్టాం. ఇది చరిత్రకారుల్లో కొందరి ఊహ మీద కట్టిన రూల్. క్రీ.పూ. 255లో సిసిలీ దక్షిణ తీరంలో తుఫానులో 364 రోమన్ ఓడల్లో 80 మాత్రమే మిగిలాయని పాలిబియస్ రాశాడు. ఎక్నోమస్ తర్వాత కోర్వస్ మాట మళ్లీ ఎక్కడా వినపడదు.

గాలి దిశ బాణం గుర్తును ఎవరైనా చూస్తారా?

ఏథెన్స్ సేనాని ఫోర్మియో చూశాడు. క్రీ.పూ. 429లో కొరింథ్ అఖాతం ముఖద్వారం దగ్గర అతనివి 20 ఓడలు, ఎదుటి స్పార్టా పక్షంవాళ్లవి 47. భయపడినవాళ్లు ముక్కులు బయటికి పెట్టి గుండ్రంగా వలయం కట్టారు. ఫోర్మియో వాళ్ల చుట్టూ వరసగా తిరుగుతూ, రాసుకుపోయినంత దగ్గరగా పోతూ, వలయాన్ని బిగిస్తూ పోయాడు. కొట్టలేదు. తెల్లవారగానే అఖాతం లోపలి నుంచి గాలి వీస్తుందని అతనికి తెలుసు. వీచింది. ఇరుక్కున్న ఓడలు ఒకదాన్నొకటి గుద్దుకున్నాయి, జట్లు గెడలతో నెట్టుకుంటూ ఒకరినొకరు తిట్టుకుంటూ ఎవరి మాటా ఎవరికీ వినపడని గందరగోళం. అప్పుడు కొట్టాడు. 12 ఓడలు చిక్కాయి.

కాబట్టి చూడండి ఆ బాణాన్ని. ప్రతి అఖాతానికీ ఉదయపు గాలి వేరుగా ఉంటుంది, ఆ నీళ్లలో మకాం వేసి కొన్నాళ్లు గడిపిన చుక్కానివాడికే అది ముందుగా కనిపిస్తుంది.

తెరచాప ఎప్పుడు దించాలి?

యుద్ధానికి ముందు. వీలైతే ఒడ్డునే వదిలేసి రావాలి, బరువు తగ్గుతుంది. ఓడిపోతే పారిపోవడానికి తెరచాప ఉండదన్నమాట. అదీ మీరే తేల్చుకోవాలి.

ఓడ "మునిగింది" అని వచ్చింది, కానీ ఇంకా మ్యాప్ మీదే ఉంది.

చిల్లుపడిన ట్రైరీమ్ రాయిలా అడుక్కి పోదు. తేలిక కలప, లోపల సరుకు బరువు లేదు. నీళ్లతో నిండి అంచుల దాకా దిగి తేలుతూ ఉంటుంది. గెలిచినవాడు తాడు కట్టి లాక్కుపోవచ్చు, బాగుచేసి వాడుకోవచ్చు. జట్టు ఆ శిథిలాన్ని పట్టుకుని వేలాడుతూ ఉంటుంది. వాళ్లను తీసుకురావడానికి మీకు మూడు టర్న్‌లు.

గెలుపు మత్తులో శత్రువును తరుముకుంటూ పోయి వీళ్లను మరిచిపోకండి. ఆర్గినూసేలో ఏథెన్స్ గెలిచింది. తర్వాత తుఫాను లేచి, నీళ్లలో ఉన్నవాళ్లను తీసుకురాలేకపోయారు. గెలిచిన సేనానుల్లో ఆరుగురికి ఊళ్లో మరణశిక్ష పడింది. ఏథెన్స్‌తో ఆడేవాళ్లకు ఈ విచారణ గేమ్‌లోనూ ఉంది. పరీక్షలో ఇద్దరు దీన్ని తీసేయమన్నారు. ఇద్దరూ అప్పటికి సేనానులను పోగొట్టుకుని ఉన్నవాళ్లే. తీయం.

చలికాలంలో ఓడలు పంపకూడదా?

పంపొచ్చు, దేవుడి దయ. తర్వాతి కాలపు రోమన్ లెక్కలో నవంబర్ 11 నుంచి మార్చి 10 దాకా సముద్రం మూసినట్టే. గేమ్‌లో ఆ నెలల్లో జట్లను ఇళ్లకు పంపేస్తే సగం జీతం మిగులుతుంది, వసంతంలో పది శాతం మంది తిరిగి రారు.

క్విన్‌క్విరీమ్ అంటే అయిదు అంతస్తులు కదా, బొమ్మలో మూడే ఉన్నాయి?

ఆ అంకె అంతస్తులది కాదు, ఒక నిలువు వరసలో తెడ్లు వేసే మనుషులది. రెండు వరసల్లో తెడ్డుకు ఇద్దరిని, మూడోదానిలో ఒక్కడిని కూర్చోబెడితే మూడు వరసల్లోనే అయిదుగురు సరిపోతారు. దీనివల్ల ఒక లాభం: తెడ్డుకు ఒక్కడు చేయి తిరిగినవాడుంటే పక్కవాడు ఊరికే బలం ఇస్తే చాలు. కొత్త జట్లతో పెద్ద ఓడలు నడిపేయొచ్చు. అవి ఒక హద్దు దాటితే మాత్రం డాబే. ఈజిప్టు రాజు నాలుగో టోలెమీ కట్టించిన "నలభై" ఓడకు 4,000 మంది తెడ్డువాళ్లు పట్టేవాళ్లట. దాన్ని గేమ్‌లో కట్టుకోవచ్చు, ఊరేగింపుకు తప్ప పనికిరాదు, పరువు పాయింట్లు వస్తాయి.

గ్రీకు అగ్ని ఎక్కడ?

నీళ్ల మీద కూడా మండే ఆ ఆయుధం క్రీ.శ. 7వ శతాబ్దంది. మా గేమ్ అయిపోయిన ఏడు వందల ఏళ్లకు వచ్చింది. నిప్పు బాణాలతో సర్దుకోండి.

గుర్రాలను ఓడల్లో తీసుకుపోవచ్చా?

పాత ట్రైరీమ్‌లను అందుకు మార్చుకోవచ్చు, ఓడకు 30 గుర్రాలు, తెడ్లు 60 మాత్రమే మిగులుతాయి. సిసిలీ దండయాత్రకు ఏథెన్స్ మొదట పంపిన అంత పెద్ద దళంలో గుర్రాల ఓడ ఒక్కటే. అవతల సిరక్యూస్ ఆశ్వికదళం వాళ్లను ఏడిపించింది.

మౌర్యులో, శాతవాహనులో ఉంటారా?

ఈ మ్యాప్‌లో వాళ్ల సముద్రం లేదు. కోరిక మాకూ ఉంది. అర్థశాస్త్రంలో నావాధ్యక్షుడి పనుల మీద ఒక అధ్యాయమే ఉంది: రేవు సుంకాలు, రేవుల నిఘా, తుఫాను దెబ్బతిన్న ఓడలను ఆదుకోవడం. శాతవాహనుల నాణేల మీద రెండు స్తంభాల ఓడ బొమ్మ ఉంది. కానీ అదంతా వర్తకం, రుతుపవనాలు, పెద్ద తెరచాపల లోకం. తెడ్ల మీద కట్టిన ఈ రూల్స్‌లో బలవంతంగా ఇరికిస్తే వాళ్లకు అన్యాయం చేసినట్టు. చేస్తే విడిగా, రుతుపవనమే కేంద్రంగా చేయాలి.

శకునాల కోళ్లు నిజంగా ఏమైనా చేస్తాయా?

యుద్ధానికి ముందు కోళ్లు గింజలు తింటే మంచి శకునమని రోమన్ల నమ్మకం. అవి గాలిని మార్చవు, జట్టు నమ్మకాన్ని మారుస్తాయి. క్రీ.పూ. 249లో ద్రెపానా దగ్గర కోళ్లు గింజలు ముట్టకపోతే, "తినకపోతే తాగనివ్వండి" అని రోమన్ సేనాని క్లాడియస్ పుల్చర్ వాటిని సముద్రంలోకి విసిరించాడని కథ. ఆ రోజు 93 ఓడలు పోగొట్టుకున్నాడు. విసిరే బటన్ పెట్టాం. అందరూ ఒకసారి నొక్కుతారు.

ఏఐ మోసం చేస్తోందా? దాని జట్లు అలిసిపోవడం చూడలేదు.

దానికీ అవే రూల్స్. అది మకాంకు త్వరగా చేరుతుంది, మధ్యాహ్నం తిండి మానదు, అంతే తేడా.

ఓడలు ఒక తీరాన, జట్లు ఇంకో తీరాన ఉన్నాయి. జట్టును నేల మీద నడిపించవచ్చా?

నడిపించవచ్చు, చాలామందికి ఈ ఆర్డర్ ఉందనే తెలియదు. క్రీ.పూ. 429లో పెలొపొనీసస్ పక్షంవాళ్లు (స్పార్టా, దాని మిత్రులు) సరిగ్గా ఇదే చేశారు. కొరింథ్ వైపు ఓడలు వదిలి, ప్రతి మనిషీ తన తెడ్డు, తను కూర్చునే మెత్త, తెడ్డు కట్టే తోలుపట్టీ పట్టుకుని ఇస్త్‌మస్ (రెండు సముద్రాల మధ్య సన్నని నేల) దాటి మెగారా రేవుకు నడిచారు. అక్కడ ఖాళీగా పడి ఉన్న నలభై ఓడలు దించి, కాపలా లేని ఏథెన్స్ రేవు పిరేయస్ మీద పడాలన్నది పథకం. మధ్యలో ధైర్యం చాల్లేదు, గాలి కూడా అడ్డమొచ్చిందన్నారు. పిరేయస్ వదిలేసి సలామిస్ ద్వీపాన్ని దోచుకున్నారు. పైగా ఆ ఓడలు చాన్నాళ్లుగా నీళ్లు చూడనివి, పలకల సందుల్లోంచి నీళ్లు కారుతూనే ఉన్నాయి. ఆ భయంతో త్వరగా వెనక్కి తిరిగి, మళ్లీ కాలినడకనే ఇంటిదారి పట్టారు.

గేమ్‌లో నడిచే జట్టు గుర్తు ఒక తెడ్డు, ఒక మెత్త. దారిలో శత్రువు ఎదురైతే వాళ్ల దగ్గర ఆయుధాలంటూ ఏమీ ఉండవు, ముందు పదాతిదళాన్ని పంపండి. చేరాల్సిన రేవులో ఓడలు ఎన్నాళ్లుగా పొడిగా ఉన్నాయో కూడా బయల్దేరేముందే చూసుకోండి.